కిలోమీటర్ల రీడింగు చెప్పని సంగతి: పాత డీజిల్ కారుకు టైమింగ్ ఎప్పుడు మార్చాలి

అనంతపురంలో ఏ మెకానిక్ షెడ్డు దగ్గర ఓ పూట నిలబడినా ఈ మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది: "ఇంజన్ బాగుండాది కదన్నా, బాగుండేదాన్ని ఎందుకు కెలకల్ల?" ఎదురుగా ఉన్నది లక్షా ఎనభై వేలు తిరిగిన డిజైర్ కావచ్చు, మూడు లక్షలు దాటిన ఇన్నోవా కావచ్చు. ఓనరుకు ఎవరో భయం పెట్టి పంపారు, ఇన్ని కిలోమీటర్లయ్యాక టైమింగ్ మార్చకపోతే హైవే మీద ఇంజన్ చేతులెత్తేస్తుందని. మెకానిక్కు మాత్రం జోలికి పోవద్దంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. చిక్కేమిటంటే ఇద్దరూ మీటరు మీది అంకెనే పట్టుకుని వాదిస్తారు. ఆ అంకె ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బలహీనమైన సాక్షి.

టైమింగ్ అంటే ఏమిటో ముందు తేల్చుకుంటే మిగతాది సులువు. ఇంజన్ అడుగున పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు ఉంటుంది. పైన హెడ్డులో వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టు ఉంటుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి క్యాము సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క ఎప్పుడూ తప్పకూడదు. ట్రాక్టర్లలో, లారీల్లో ఈ రెంటినీ ఎక్కువగా పళ్ల చక్రాలతో కలుపుతారు. అందుకే ట్రాక్టరు ఓనరుకు టైమింగ్ మార్చడమనే దిగులు ఉండదు. కార్లలో బరువు, శబ్దం చూసుకుని రబ్బరు బెల్టో ఇనుప చైనో పెడతారు. దాన్ని బిగువుగా పట్టి ఉంచడానికి టెన్షనరు, బెల్టుకైతే ఐడ్లర్ పుల్లీ, చైనుకైతే గైడ్లు. షెడ్డులో "టైమింగ్ మార్చాలి" అన్నప్పుడు ఈ సామానంతా కలిపే చెప్తున్నట్టు లెక్క.

డీజిల్ బండికి ఈ సంగతి ఎందుకంత ప్రాణాంతకం? పెట్రోలు ఇంజన్లో పిస్టన్ గాలిని పదో వంతుకో పదకొండో వంతుకో అదిమితే డీజిల్లో పదిహేనో వంతు నుంచి పద్దెనిమిదో వంతు దాకా అదమాలి. అంత అదమాలంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ హెడ్డుకూ మధ్య మిగిలే సందు సుమారు ఒక మిల్లీమీటరు. ఆ క్షణాన వాల్వు తెరుచుకుని కిందికి దిగి ఉంటే పిస్టన్ పోయి దాన్ని గుద్దాల్సిందే. 44వ జాతీయ రహదారి మీద గుత్తి దాటాక నూరు స్పీడులో పోతున్న బండిని తీసుకోండి. ఇంజన్ సుమారుగా నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటుంది, అంటే సెకనుకు 33. బెల్టు తెగిన మరుక్షణం క్యాము ఆగిపోతుంది. చక్రాలేమో గేరు ద్వారా క్రాంకును తిప్పుతూనే ఉంటాయి. డ్రైవరు కాలు క్లచ్ మీదికి పోయేలోపు పని పూర్తవుతుంది. వాల్వులు వంగుతాయి, వాటిని నొక్కే రాకర్లు విరుగుతాయి, ఒక్కోసారి పిస్టన్ తల మీద గుంట పడుతుంది. ఇక హెడ్డు దించడం, లేతు షాపు, గాస్కెట్లు, రోజుల తరబడి బండి స్టాండు మీద.

ఇందులో చాలామంది పట్టించుకోని మరో సంగతి ఉంది. డీజిల్ కార్లలో బ్రేకు పెడల్ తేలిగ్గా దిగేది వాక్యూమ్ పంపు వల్ల, అది ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఇంజన్ ఆగాక ఒకటి రెండుసార్లు బ్రేకు మామూలుగా పడుతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగూ బరువెక్కుతుంది. వెనక గ్రానైట్ దిమ్మెలు వేసుకుని వచ్చే లారీ ఉన్నప్పుడు ఇది రిపేరు ఖర్చుకు మించిన మాట.

బండి పేరు చెప్తే జవాబు సగం తేలిపోతుంది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, బ్రెజాల్లో వచ్చిన 1,248 సీసీ డీజిల్ ఇంజన్ ఫియట్ వాళ్ల మల్టీజెట్. టాటా విస్టా క్వాడ్రాజెట్‌లో, జెస్ట్‌లో, ఫియట్ పుంటోలో, లీనియాలో వచ్చిందీ అదే. దానికి చైను. హ్యుందాయ్ ఐ20, వెర్నా, క్రెటాల్లోని 1.4, 1.6 సీఆర్డీఐలకు చైను. స్కార్పియో ఎంహాక్‌కు చైను. డస్టర్, టెరానోలకు బెల్టు. ఫోర్డ్ ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిళ్లకు బెల్టు. పోలో, వెంటో, రాపిడ్ డీజిళ్లకూ బెల్టే, పాత ఇండికాకూ బెల్టే. ఇన్నోవా విషయంలో మాత్రం ఏ సంవత్సరం బండి అని అడగాలి. 2005లో వచ్చిన 2.5 డీజిల్‌కు బెల్టు, 2016లో వచ్చిన క్రిస్టా 2.4కు చైను. టాక్సీ స్టాండులో పక్కపక్కనే ఆగిన రెండు ఇన్నోవాల్లో ఒకదానికి చెప్పిన సలహా రెండోదానికి అసలు పనికిరాదు. సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

బెల్టు బండి అయితే ఆలోచించాల్సింది తక్కువ. బెల్టు రబ్బరు సరుకు, లోపల గాజు నారలాంటి దారాలు. రబ్బరు తిరిగినా ముసలిదవుతుంది, తిరగకపోయినా అవుతుంది, వేడిలో ఇంకా త్వరగా అవుతుంది. అందుకే కంపెనీ పుస్తకంలో కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా రాసి ఉంటుంది, రెండింటిలో ఏది ముందొస్తే అది. కర్నూలు, కడప, అనంతపురాల్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో నిలబెట్టిన బండి బానెట్ కింద సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఏళ్ల గడువును రెండు మూడు నెలలు ముందుకు జరుపుకున్నా తప్పు లేదు గానీ, వెనక్కి నెట్టడానికి ఒక్క కారణం కూడా కనబడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2013లో కొన్న డస్టర్, ఊళ్లోనే తిరిగిన బండి, రీడింగు 70 వేలు. ఓనరుకు గర్వం, "మా బండి ఇంకా కొత్తదే" అని. బెల్టు మాత్రం కంపెనీలో బిగించిందే. దాని పక్కనే రెండేళ్ల కింద బెల్టు మార్చిన రెండు లక్షల నలభై వేల కిలోమీటర్ల డస్టర్. బెంగళూరుకు ఈ రాత్రే పోవాలంటే రెండోదాంట్లో ఎక్కాలి. మొదటిదాన్ని షెడ్డు దాకా నెమ్మదిగా నడుపుకుంటూ తీసుకెళ్లినా దేవుడికి దండం పెట్టుకునే వెళ్లాలి.

పై కవరు విప్పి బెల్టు చూసి "ఇంకా గట్టిగానే ఉంది, పగుళ్లు లేవు" అని వదిలేయడం షెడ్లలో మామూలు. వెనకటి బెల్టులు పగుళ్లు చూపించి, ముందే చెప్పి తెగేవి. ఇప్పటి సరుకు పైకి నున్నగా మెరుస్తూనే పంటి మొదట్లో చీలిపోతుంది. చూపుకు పగులు దొరికితే వెంటనే మార్చాలి. దొరకలేదని నిశ్చింతగా ఉండటానికి మాత్రం వీల్లేదు. పాత ఇన్నోవాల్లో మీటరు మీద బెల్టు గుర్తు దీపం ఒకటి వెలుగుతుంది, గడువైందని. బెల్టు మార్చకుండా రీసెట్ చేసినా ఆ దీపం ఆరుతుంది. పాత బండి కొనేటప్పుడు దీపం వెలగడం లేదు కదా అని ధైర్యపడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పైగా చాలాసార్లు ముందు పోయేది బెల్టు కాదు, దాని దారిలో ఉన్న బేరింగు. టెన్షనరు బేరింగు ఎండిపోయి పట్టేసినా, ఐడ్లరు అరిగి వంగినా బెల్టు పక్కకు జారి అంచు కోసుకుపోతుంది. డస్టర్‌లాంటి బళ్లలో వాటర్ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. ఇక్కడే రాయలసీమ నీళ్ల ప్రసక్తి వస్తుంది. అనంతపురం జిల్లా బోరు నీళ్లలో ఉప్పు, సున్నం, ఫ్లోరైడు ఎంతుంటాయో ఇంట్లో గిన్నెలకు పట్టే తెల్లటి పొరే చెప్తుంది. కూలెంట్ తగ్గిందని రేడియేటర్లో ఆ నీళ్లే చెంబుతో పోసేస్తుంటారు. ఒకసారి పోస్తారు, రెండోసారి పోస్తారు, మూడేళ్లలో లోపలంతా బోరు నీళ్లే. వాటర్ పంపు సీలు దగ్గర పొర కడుతుంది, తుప్పు పడుతుంది, చుక్క చుక్కగా కారడం మొదలవుతుంది. ఆ చుక్కలు బెల్టు మీద పడతాయి, లేదా నీళ్లు బేరింగులోకి దిగి అది అరుస్తుంది. పంపు పట్టేస్తే బెల్టు పళ్లు ఊడతాయి. కొత్త బెల్టు వేయించి, పాత పంపు "ఇంకా బాగానే తిరుగుతోంది" అని వదిలేయడమంటే కొన్ని వేల రూపాయలు మిగుల్చుకుని మొత్తం లేబరు రెండోసారి కట్టడానికి ఒప్పుకున్నట్టే. బెల్టు, టెన్షనరు, ఐడ్లరు, వాటర్ పంపు: ఈ నాలుగూ ఒకేసారి మార్చాల్సిన సరుకు. క్రాంకు సీలో క్యాము సీలో ఆయిల్ కారుతుంటే అదీ అప్పుడే.

తాడిపత్రి, బేతంచెర్ల వైపు రోజూ తిరిగే బళ్లకు ఇంకో మాట. నాపరాళ్ల కోత దుమ్ము, సిమెంటు దుమ్ము ఎక్కడ సందు దొరికితే అక్కడికి పోతాయి. ఎప్పుడో ఏదో పనికి విప్పి, బోల్టులు రెండు తక్కువ బిగించిన టైమింగ్ కవరు ఆ సందు ఇస్తుంది.

చైను కథ వేరు, కాస్త నింపాదిగా చూడాల్సిన కథ.

చైను ఇంజన్ ఉన్నంతకాలం ఉంటుందని అమ్మేటప్పుడు చెప్తారు. ఆ మాట అబద్ధం కాదు, కాకపోతే దాని వెనక ఒక షరతు దాగి ఉంది: ఆయిల్. బెల్టు పొడిగా తిరుగుతుంది, చైను ఇంజన్ ఆయిల్లో తడుస్తూ తిరుగుతుంది. దాన్ని బిగువుగా పట్టే టెన్షనరు కూడా చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషరుతోనే పనిచేస్తుంది. ఆయిల్ తగ్గితే టెన్షనరు వదులవుతుంది, ఆయిల్ చెడితే చైను అరుగుతుంది. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడటం అందరూ చూసిందే. ఆ నలుపు మసి, కంటికి ఆనని గరుకు పొడి. ఆయిల్ మార్పును పది వేలకు బదులు పదిహేను, పదహారు వేలకు లాగిన ప్రతిసారీ ఆ పొడి చైను కీళ్లలో సాన పడుతూనే ఉంటుంది.

"చైను సాగింది" అంటారు గానీ ఇక్కడ జరిగేది ఇనుము సాగడం కాదు. ప్రతి లింకు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు ఉంటాయి, అరిగేది అవి. ఒక్కో కీలు దగ్గర 0.02 మిల్లీమీటరు అరిగిందనుకుందాం, తలవెంట్రుక మందంలో మూడో వంతు. వేలితో తడిమినా తెలియదు. కానీ నూరు లింకుల చైనులో నూరు చోట్లా అంతే అరిగితే చైను మొత్తం మీద 2 మిల్లీమీటర్ల పొడవు పెరుగుతుంది. ఆ పొడవును టెన్షనరు కాస్త ముందుకు జరిగి మింగేస్తుంది. అది జరగగలిగినంత దూరం జరిగాక ఇక మింగడానికి చోటుండదు. అప్పుడు చైను గైడ్ల మీద కొట్టుకుంటుంది, ప్లాస్టిక్ గైడు విరుగుతుంది, ఏదో ఒక రోజు చైను ఒక పన్ను దాటి కూర్చుంటుంది. చైను బండ్లలో చైను తెగి ముక్కలవడం కన్నా ఇలా పళ్లు దాటడమే ఎక్కువ. ఇంజన్‌కు జరిగే నష్టంలో మాత్రం పెద్ద తేడా ఉండదు.

ఈ వదులు తెల్లవారుజామున తనంతట తానే బయటపడుతుంది. రాత్రంతా నిలబడిన బండిలో ఆయిల్ కిందికి జారిపోయి ఉంటుంది, టెన్షనరులో ప్రెషరు ఉండదు. తాళం తిప్పగానే మొదటి రెండు మూడు సెకన్లు ఒక వైపు నుంచి గలగలమని, డబ్బాలో గొలుసు పోసి ఊపినట్టు శబ్దం వస్తుంది. ఆయిల్ పైకెక్కగానే ఆగిపోతుంది. ఓనరు పదకొండు గంటలకు టిఫిను చేసి, బండి వేడి మీద షెడ్డుకు తెస్తాడు. మెకానిక్కు బానెట్ ఎత్తి చెవి పెట్టి వింటాడు, ఏమీ వినబడదు. "ఏం లేదన్నా, మీకు అనుమానం" అని పంపించేస్తాడు. ఇద్దరిదీ తప్పు కాదు, వేళ తప్పు. ముందు రోజు సాయంత్రమే బండి షెడ్డు దగ్గర వదిలి, పొద్దున మెకానిక్కు చేతే మొదటి స్టార్టు చేయించాలి. అంత కుదరకపోతే బానెట్ ఎత్తి, ఫోనును ఇంజన్ పక్కన పెట్టి మొదటి స్టార్టు రికార్డు చేసుకుని వినిపించాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష ఎంతో డబ్బు పోసినా దొరకని కబురు చెప్తుంది.

గలగల వినబడిందని వెంటనే చైను మీద తీర్పు చెప్పేయకూడదు. ఆల్టర్నేటర్ పుల్లీ, ఏసీ కంప్రెసరు బేరింగు, ఇంజెక్టరు టకటక, క్లచ్ బేరింగు, అన్నీ దాదాపు ఇలాగే మోసం చేస్తాయి. బయటి ఫ్యాన్ బెల్టు తీసేసి కొద్ది సెకన్లు ఇంజన్ నడిపితే ఆల్టర్నేటర్, ఏసీ గొంతులు ఆగిపోతాయి. మిగిలిన శబ్దం ఎటు నుంచి వస్తుందో తెలుసుకోవడానికి మంచి మెకానిక్కులు ఇప్పటికీ పొడుగు స్క్రూడ్రైవరే వాడతారు. మొన టైమింగ్ కవరు మీద, పిడి చెవి గుంట దగ్గర. చైను వైపు కవరు మీద పెట్టినప్పుడు గలగల చెవిలోనే మోగితే, ఇంకోవైపు పెడితే మందగిస్తే అనుమానం సగం రుజువైనట్టే. మిగతా సగం బండి కంప్యూటరులోని లోపాల కోడ్లు చదివే స్కానరు చెప్తుంది. క్రాంకు సెన్సరు, క్యాము సెన్సరు ఇచ్చే సంకేతాలు ఒకదానితో ఒకటి కలవకపోతే పీ0016 అనే కోడ్ పడుతుంది. ఆ కోడ్ ఒక్కోసారి వైరింగు తప్పిదానికీ పడుతుంది, సెన్సరు పోయినా పడుతుంది. పొద్దుటి గలగల, కోడ్, స్టార్టింగ్ మొండితనం, మూడూ కలిసి కనబడితే మాత్రం ఇక వాదన అనవసరం. బండి నడపడం ఆపి టైమింగ్ విప్పాలి.

ఇప్పుడు మీటరు అంకె సంగతి. ఇంజన్ ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా నడుస్తున్నప్పుడు, నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకుంటే గంటకు 48,000 చుట్లు. హైవే మీద నూరు స్పీడులో, 2,000 చుట్ల దగ్గర, గంటకు లక్షా ఇరవై వేలు. అంటే ఏసీ వేసుకుని గంటసేపు నిలబెట్టిన బండి చైను, హైవే మీద 40 కిలోమీటర్లు పోయినంత తిరిగింది. మీటరు మీద మాత్రం సున్నా. పుట్టపర్తి దగ్గరో ఆసుపత్రి బయటో రోజుకు మూడు గంటలు ఏసీలో కాచుకునే టాక్సీకి రోజుకు 120, నెలకు పాతిక రోజులు వేసుకున్నా 3,000, ఏడాదికి 36,000 కిలోమీటర్ల తిరుగుడు మీటరులో ఎక్కడా కనబడదు. పైగా ఐడిల్‌లో ఆయిల్ ప్రెషరు తక్కువ, మసి ఎక్కువ. లక్షన్నర చూపించే ఇలాంటి టాక్సీ కన్నా రోజూ కర్నూలు నుంచి హైదరాబాదుకు ఒకే తీరున పరుగెత్తి రెండున్నర లక్షలు చూపించే బండి చైను ఆరోగ్యంగా ఉండొచ్చు. ఆయిల్ బిల్లుల కట్ట ఉంటే దాన్ని తిరగేస్తే మీటరు కన్నా ఎక్కువ సంగతులు తెలుస్తాయి.

పాత బండి కొనేవాళ్లకు ఆ కట్ట దొరకదు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లను తిరగనివ్వొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. దాంతో అక్కడ విలువ పడిపోయిన బళ్లు అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తీసుకుని మిగతా రాష్ట్రాలకు చేరాయి. వాటి మీటరు నిజమే చెప్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అమ్మేముందు కంపెనీ చెప్పిన దానికన్నా చిక్కటి ఆయిల్ పోసి చైను శబ్దాన్ని కొన్నాళ్లు నొక్కిపెట్టే పాత కిటుకూ ఉంది. రుజువు లేని బెల్టు బండి కొంటే, బెల్టు ఖర్చు బండి ధరలోనే కలిపి బేరమాడాలి. ఇంటికి తెచ్చిన వారంలోపే మార్పించాలి. చైను బండి అయితే చల్లటి ఇంజన్ స్టార్టు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. చూడ్డానికి పోయేసరికి ఇంజన్ ముందే వెచ్చబెట్టి ఉంచితే ఆ మర్యాద ఎందుకో అర్థం చేసుకోవచ్చు.

డబ్బు లెక్క వేసేటప్పుడు చాలామంది పోల్చకూడని వాటిని పోలుస్తారు. "బండి ధరే రెండున్నర లక్షలు, అందులో ఇరవై వేలు పెట్టి టైమింగ్ మారుస్తామా?" ఇది తప్పు కొలత. మార్పించే ఖర్చును మార్పించకపోతే వచ్చే ఖర్చుతో పోల్చాలి. లెక్క కోసం మార్పుకు 20 వేలు, తెగితే హెడ్డు పని, వాల్వులు, రాకర్లు, టోయింగ్ అన్నీ కలిపి 80 వేలు అనుకుందాం. బండిని ఇంకా ఉంచుకునే కాలంలో తెగే అవకాశం నాలుగింట ఒకటి దాటితే మార్పించడమే చౌక. ఈ కొలతతో చూస్తే జవాబులు వాటంతటవే విడిపోతాయి. గడువు దాటి ఏళ్లయిన బెల్టు మీద నాలుగింట ఒకటికి తక్కువ అని పందెం కట్టే ధైర్యం ఎవరికుంటుంది? రోజూ పొద్దున గలగలమనే చైను మీదా అంతే. అదే ఆయిల్ సక్రమంగా మార్చుకుంటూ వచ్చి, చల్లటి స్టార్టులో నిశ్శబ్దంగా ఉండే చైనుకు ఆ అవకాశం ఎంతో తక్కువ. రెండు లక్షలు తిరిగిందన్న ఒక్క కారణంతో దాన్ని విప్పడం దండగ. షెడ్డులో మొదట వినిపించిన "బాగుండేదాన్ని ఎందుకు కెలకల్ల" అనే మాట సరిగ్గా ఈ బండికి చెల్లుతుంది, ఈ ఒక్క బండికే. విప్పడంలోనూ ప్రమాదం లేకపోలేదు. ఒక పన్ను తేడాతో బిగిస్తే, మంచి ఇంజన్ కొత్త చైనుతో మొదటి స్టార్టులోనే పాడవుతుంది.

ఖర్చుకు ఒప్పుకునే ముందు ఇంజన్‌లో ఇంకా సత్తువ ఉందో లేదో కూడా చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తోందా? ఆయిల్ మధ్యలో పోసుకోవాల్సి వస్తోందా? నీలం పొగ ఉందా? ఉంటే బండి బోరు పనికి, అంటే అరిగిన సిలిండర్ల మరమ్మతుకు, దగ్గరపడినట్టు, అప్పుడు టైమింగ్ ఒక్కటే మార్చడం పునాది కదిలిన ఇంటికి సున్నం కొట్టినట్టే. రిజిస్ట్రేషన్ కూడా చూసుకోవాలి. పదిహేనేళ్లు నిండితే ఆర్సీ రెన్యువలు, 2022 ఏప్రిల్‌లో కార్లకు ఆ ఫీజును 5,000 రూపాయలు చేశారు, పైన గ్రీన్ ట్యాక్సు, ఫిట్‌నెస్ కోసం చేయించే చిల్లర పనులు. ఆర్నెల్లలో అమ్మేసేవాళ్లకు టైమింగ్ ఖర్చు అమ్మకం ధరలో పూర్తిగా తిరిగి రాదు. అలాంటివాళ్లు సంగతి దాచకుండా చెప్పి ధర తగ్గించుకుంటే ఆ డబ్బుతో కొన్నవాళ్లే పని చేయించుకుంటారు.

చైను బళ్లకు డ్రైవింగులో ఒక జాగ్రత్త ఉంది. గువ్వలచెరువు ఘాట్‌లో పాలకోవా కోసం వాలులో బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో వదిలేసి దిగిపోతుంటారు. బండి వెనక్కి కొద్దిగా దొర్లినా ఇంజన్ ఎదురు తిరుగుతుంది. ఆయిల్ ప్రెషరు లేని టెన్షనరు ఆ కుదుపును ఆపలేకపోతే, ముందే వదులైన చైను పన్ను దాటవచ్చు. ముందు హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాలి, బండి బరువు దాని మీద నిలిచాక గేరు వేయాలి. మొదటి గేరులో ఉన్న బండిని వెనక్కి తోయడమూ ఇలాంటిదే.

ఇక పని చేయించే చోటు. మార్కెట్లో బెల్టు కిట్లకు గేట్స్, డేకో లాంటి పేరున్న కంపెనీలవి ఉన్నాయి, అవే పేర్లతో నకిలీలూ ఉన్నాయి. స్విఫ్ట్ చైను కిట్టు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఫోర్డ్ 2021లో దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, షెవర్లే 2017తోనే అమ్మకాలు ఆపింది. అలాంటి బళ్ల సామాను బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో బస్సు పార్సిల్లో తెప్పించుకోవాలి. సామాను చేతికొచ్చి, పెట్టె విప్పి చూశాకే ఇంజన్ విప్పమనాలి. లేకపోతే విప్పిన బండి షెడ్డులో, కిట్టు ఎక్కడో దారిలో.

క్రాంకును, క్యామును కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు ఆ షెడ్డులో ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకూడదు. చాలాచోట్ల పాత బెల్టు మీద, పుల్లీల మీద తెల్ల పెయింటుతో గీతలు పెట్టుకుని, అవే గీతలు కొత్తదాని మీదికి దించుకుంటారు. బెల్టు సరిగ్గా ఉన్నంతవరకు ఆ పద్ధతి గట్టెక్కుతుంది. అరిగి పొడవు పెరిగిన చైను దగ్గర మాత్రం అది పాత తప్పునే కొత్త చైనుకు అంటగడుతుంది, ఎందుకంటే గీత పెట్టే సమయానికే క్యాము తన చోటు తప్పి ఉంటుంది. కొన్ని ఇంజన్లలో క్రాంకు పుల్లీకి కీ, అంటే అది జారకుండా పట్టే ఇనుప ముక్క, కూడా ఉండదు. బోల్టు బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది, ఆ బోల్టు ఒకసారి సాగితే మళ్లీ వాడకూడదు. కొత్త బోల్టు, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్, రెండూ తప్పనిసరి. బిగించడమయ్యాక సెల్ఫ్ కొట్టకూడదు. స్పానరుతో క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి, అప్పటికి క్యాము ఒక చుట్టు పూర్తవుతుంది. ఎక్కడా తగలకుండా తిరిగి, లాకింగ్ పిన్నులు మళ్లీ వాటి రంధ్రాల్లోకి సాఫీగా దిగితే టైమింగ్ కుదిరినట్టు. ఈ రెండు చుట్లు తిప్పేటప్పుడు ఓనరు పక్కన నిలబడి చూడటం మంచిది.

పాత చైనును పారేయనివ్వకుండా అడిగి తీసుకుని, కొత్తదాని పక్కన ఒకే మొలకు వేలాడదీస్తే ఎంత అరిగిందో కళ్లకు కనబడుతుంది. మార్చింది అవసరమా కాదా అన్న అనుమానం అక్కడే తీరిపోతుంది. కవరు బిగించాక దాని మీద చెరగని మార్కరుతో తేదీ, రీడింగు రాయించాలి. ఆరేడేళ్ల తర్వాత బండి ఎవరి చేతిలో ఉన్నా, బానెట్ ఎత్తినవాళ్లకు మొదట కావాల్సింది ఆ ఒక్క గీతే.